కొడకండ్లామె అసలు పేరు

పోయిన దసరా ముందు ఇంటికి రంగులు వేయిద్దామని అటక మీది సామానంతా దించాం. ఇత్తడి బిందెలు, పిల్లల పాత పుస్తకాలు, తెగిపోయిన నవారు చుట్టలు, వాటి వెనకాల ఒక రేకు బిస్కెట్ల డబ్బా. మూత తుప్పు పట్టి బిగుసుకుపోయింది. చెంచా కాడతో లేపితే లోపల పాత చీర ముక్కలో చుట్టిన పదకొండు క్యాసెట్లు. ఒక్కోదాని మీద నీలం ఇంకుతో మా మేడం చేతిరాత. తేదీ, ఊరు, ఆ కింద పేరు కోసం రెండు గీతలు. ఒక గీత మీద ఊళ్లో పిలిచే పేరు, రెండో గీత మీద అమ్మ పెట్టిన పేరు. ఆ దుమ్ములోనే కూర్చుండిపోయాను. రంగులేసే పిల్లలు ఏమైందమ్మా అని అడిగారు, ఏం చెప్పాలో తోచలేదు.

1995. నేను హన్మకొండలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. మాకు తెలుగు చెప్పే మేడం ఆదివారాలు ఊళ్లు తిరిగేవారు, ముసలమ్మలతో మాట్లాడటానికి. ఎవరూ ఆమెకు ఆ పని చెప్పలేదు, ఎవరూ పైసలివ్వలేదు. బస్సు టికెట్లు, టేప్ రికార్డర్ సెల్లులు, క్యాసెట్లు అన్నీ ఆమె జీతంలోంచే. నా రాత గుండ్రంగా ఉంటుందని, బస్సులో కడుపులో తిప్పదని నన్ను వెంట తీసుకుపోయేవారు. మేడం ఇప్పుడు లేరు. ఆమె పేరు, ఆ క్యాసెట్లలో మాట్లాడిన అమ్మల పేర్లు ఇక్కడ రాయడం లేదు. పేరు అడిగి నోట్సులో రాసుకోవడం వేరు, పదిమందిలో పెట్టడం వేరు, రెండోదానికి వాళ్లు సరే అనాలి అని నేర్పింది ఆమే.

మొదటిసారి పోయింది పాలకుర్తికి. పాల్కురికి సోమనాథుడి ఊరు, పక్కనే పోతన బమ్మెర. ఎర్ర బస్సులో కిటికీ పక్కన కూర్చుని మేడం, "ఈ మండలం అంటే అందరికీ ఇద్దరు కవులు గుర్తొస్తరు, మనం మూడో మనిషి కోసం పోతున్నం" అన్నారు. ఐలమ్మ కోసం. అప్పటికే ఆమె చనిపోయి పదేళ్లయింది, 1985 సెప్టెంబర్ 10న పోయింది. ఆమె కౌలుకు చేసిన పొలం, పంట కొట్టుకుపోదామని వచ్చిన విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు, ఆమెకు అండగా నిలబడి ధాన్యం ఇంటికి చేర్చిన ఆంధ్ర మహాసభ సంఘం వాళ్లు, ఆ తర్వాత తగలబడ్డ ఆమె ఇల్లు, ఇదంతా మా వైపు పిల్లలకు కథలాగ తెలుసు. నాకు తెలియనిదేమిటంటే ఆ కథను ఐలమ్మ తన నోటితో తానే చెప్పుకుందని, దాన్ని కూర్చుని విన్నవాళ్లు ఉన్నారని.

విన్నది హైదరాబాద్ స్త్రీశక్తి సంఘటన వాళ్లు. కె. లలిత, వసంత కన్నబిరాన్, రమా మేల్కోటే, ఉమా మహేశ్వరి, సూసీ తారు, వీణా శత్రుఘ్న. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లను వెతుక్కుంటూ పోయి, టేపుల మీద మాట్లాడించి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అని పుస్తకం తెచ్చారు. మేడం సంచిలో అదెప్పుడూ ఉండేది, అట్ట చిరిగిపోతే బ్రౌన్ పేపర్ వేసుకున్నారు. ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, ప్రియంవద, దూడల సాలమ్మ, ఉద్యమం కోసం కన్నబిడ్డను వేరేవాళ్లకు ఇచ్చేయాల్సి వచ్చిన కమలమ్మ. కమలమ్మ మాటలు నేను హాస్టల్లో రాత్రి చదివి తెల్లారేదాకా నిద్రపోలేదు. అంతకుముందు పోరాటం గురించి చదివినవాటిలో ఎన్ని ఊళ్లు, ఎన్ని ఎకరాలు, ఏ నాయకుడు అని ఉండేది. ఇందులో పాలు గడ్డకట్టిన రొమ్ము నొప్పి లాంటి మాటలు మాట్లాడుకునే చోటు ఉందనిపించింది. ఆకలి, బిడ్డ, భయం, ఇంటికి తిరిగొచ్చాక ఎవరూ పట్టించుకోకపోవడం, ఇవన్నీ చరిత్రలోకి వస్తాయని నాకు అప్పుడే తెలిసింది.

ఆ పుస్తకంలో ఆమె పేరు చిట్యాల ఐలమ్మ. నేనేమో చాకలి ఐలమ్మ అనే ఎరుగుదును. బస్సులో ఆ సంగతి అడిగితే మేడం కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "చాకలి అని గర్వంగా చెప్పుకునే హక్కు ఆ కులం వాళ్లకుంది, వాళ్లు చెప్పుకుంటరు, చెప్పుకోవాలె. కానీ దొరకు దొర ఇంటిపేరుతోని, ఈమెకు కులం పేరుతోని పుస్తకాలల్ల రాసేటోళ్లు ఎందుకట్ల రాస్తున్నరో ఆలోచించు." మొన్న 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టినప్పుడు నాకు చాలా సంతోషమైంది, ఆ రోజంతా మేడం మాటే చెవిలో ఉంది. అక్కడ చదివే ఆడపిల్లలకు ఆమె ఇంటిపేరు కూడా తెలిస్తే బాగుండును.

మేడం పద్ధతి ఎట్లా ఉండేదంటే, ఇంటికి పోగానే టేప్ రికార్డర్ బయటికి తీసేవారు కాదు. నీళ్లు తాగి, అరుగు మీద కూర్చుని, ఆ ముసలమ్మ ఏ పని చేస్తుంటే ఆ పనిలో చెయ్యి పెట్టేవారు. చింతపండు కొట్టడమో, కందులు ఏరడమో, పల్లికాయ ఒలవడమో. మొదటి మాట అన్ని ఊళ్లలోనూ ఒకటే ఉండేది, "నాకేం తెల్వది బిడ్డా, మొగోళ్లనడుగుండ్రి." గంట దాటాక చేతుల్లో పని సాగుతుండగా ఏదో ఒక ముక్క బయటపడేది, అప్పుడు అడిగి, ఒప్పుకున్నాకే బటన్ నొక్కేవారు.

సంవత్సరాలు అడిగితే ఎవరూ చెప్పలేరు. గత్తరొచ్చిన ఏడు (కలరా అన్నమాట), రజాకార్ల టైము, మా చిన్నామె పెండ్లప్పుడు, ఇట్లాగే చెప్తారు. దాన్ని పట్టుకుని లెక్క కట్టడం నా పని. పోలీసు యాక్షన్ 1948 సెప్టెంబర్ అని తెలుసు కాబట్టి అక్కడినుంచి పిల్లల వయసులు వెనక్కీ ముందుకూ వేసుకుంటూ వచ్చేదాన్ని. ఆడవాళ్లకు తేదీలు గుర్తుండవు అని చరిత్ర లెక్చరర్ ఒకరు నాతో అన్నారు. గుర్తుంటాయి. వాళ్ల క్యాలెండర్ వేరు, కడుపులో ఏ బిడ్డ ఉన్నప్పుడు ఏం జరిగిందో ఒక్కరు కూడా తప్పు చెప్పలేదు నాకు.

రాయపర్తి దాటాక ఒక చిన్న ఊళ్లో ఉండేది ఆమె. ఊరంతా కొడకండ్లామె అంటారు. మా వైపు కోడళ్లను అట్లాగే పిలుస్తారు, పుట్టింటి ఊరు పేరు పెట్టి, పరకాలామె, తొర్రూరామె, జనగామామె అని. ముప్పై నలభై ఏళ్లు ఆ ఊళ్లోనే ఉన్నా, ఆ మట్టిలోనే పనిచేసినా, పిలుపు మాత్రం ఇంకా వేరే ఊరిదే. మేం పోయేసరికి ఆమె పల్లికాయ ఒలుస్తోంది. పెద్దకొడుకు బయటికి వచ్చి కుర్చీ వేసుకుని, "మా అమ్మకేం యాదికుంటది మేడం, నేను చెప్త రాసుకోండ్రి" అని మొదలుపెట్టాడు. మేడం ఒక్క నిమిషం విని, "మా పిల్లకు మీ బాయి చూపియ్యుండ్రి, వ్యవసాయం మీద రాసుకుంటది" అన్నారు. నాకు చాలా కోపమొచ్చింది. అంత దూరం పోయింది ఆమె మాట వినడానికి, నేనేమో ఎండలో మోటరు, పైపులు, మిరపతోట చూసుకుంటూ ముక్కాలు గంట తిరిగాను. తిరిగి వచ్చేసరికి ఆమె నవ్వుతోంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేటట్టు. ఏమడిగారు మేడం అంటే "పేరడిగిన" అన్నారు, అంతే.

ఆ తర్వాత మిగతాదంతా నా ముందే చెప్పింది. కొత్తగా కాపురానికి వచ్చిన రోజులు. పొద్దున సద్ది గంప నెత్తిన పెట్టుకుని చెలకకు పోయేది, గంప కింద చుట్టబట్టలో సంఘం వాళ్ల చీటీ. మర్రిచెట్టు దగ్గర ఒక మనిషి దాహమని అడుగుతాడు, నీళ్లు పోసేటప్పుడు చుట్టబట్ట సర్దుకున్నట్టు చేసి చీటీ ఇచ్చేయాలి. ఎన్నిసార్లని అడిగితే లెక్క పెట్టలేదంది. ఆ చీటీల్లో ఏముండేది అని అడిగాను నేను. "సదువు రాదు గద బిడ్డా, ఏం రాసిండ్రో నాకేమెర్క. రాదనే నాకిచ్చిండ్రు." కాసేపు పల్లికాయ ఒలిచింది. తర్వాత తనంతట తనే, "ఒక్కటన్న ఎవ్వరితోనన్న సదివించుకోవాల్సింది. ఏం మోసిన్నో నాకు తెల్వకపాయె" అంది. యాభై ఏళ్లు ఆమెకు ఆ మాట లోపలే ఉందన్నమాట.

రజాకార్లు ఊరి మీదికి వచ్చిన రాత్రి తను నిండు మనిషినని, జొన్నచేనులో తెల్లవార్లూ కూర్చున్నానని చెప్పింది. పెద్దోడు కడుపుల ఉండె, అంది. ఆ పెద్దోడి వయసు అప్పుడు 47. అమ్మకేం యాదికుంటది అన్న ఆ మనిషే నాకు ఆ రాత్రి తేదీని ఇంచుమించు పట్టిచ్చాడు. అతను గుమ్మంలో నిలబడి వింటున్నాడు, తను పుట్టకముందు తన తల్లి తనను మోసుకుని చేనులో దాక్కుందని మొదటిసారి వింటున్నాడు. అతని మొహం నాకిప్పటికీ గుర్తుంది.

ఆ క్యాసెట్‌ను కాగితం మీద పెట్టే పని నాకిచ్చారు. గంట టేపు రాయడానికి ఏడెనిమిది గంటలు పట్టేది, ఒక వాక్యం విని ఆపి, మళ్లీ వెనక్కి తిప్పి, మళ్లీ విని. నేను చాలా శ్రద్ధగా రాశాను. "నేను భోజనం తీసుకొని పొలమునకు వెళ్లేదానను" అని రాశాను. మేడం ఆ పేజీలన్నీ తిరిగిచ్చేశారు. "భోజనం ఎవరు మోసిండ్రమ్మా? ఆమె సద్ది మోసింది. పొలం కాదు చెలక, అక్కడ నీళ్లు పారవు. ఒక్క మాట మారిస్తే ఆమె ఎట్లాంటి భూమిల పనిచేసిందో కూడా పోయింది చూడు." మొత్తం మళ్లీ రాశాను. ఆమె ఆగిన చోట ఆగింది అని రాశాను, కోడి అరిస్తే లేచి తరిమివచ్చింది అని రాశాను. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పాను గానీ, భాష గురించి నాకు తెలిసిందంతా ఆ ఎర్ర ఇంకు గీతల నుంచే వచ్చింది.

వానాకాలం ఊళ్లకు బస్సులు సరిగ్గా ఉండవు కాబట్టి అప్పుడు రాళ్లు చూసేవాళ్లం. ఖిలా వరంగల్‌కు ఎన్నిసార్లు పోయామో. మేడం చెప్పేదాకా నాకు తెలియదు, రుద్రమదేవిని శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని మగవాళ్ల పేరుతోనే రాశారని. గణపతిదేవుడి కూతురామె. మార్కో పోలో విని రాసుకున్నదాన్ని పట్టుకుని చాలాకాలం ఆమెను గణపతిదేవుడి భార్య అనే అనుకున్నారు. శాసనాలు చదివినవాళ్లు ఒక్కో రాయి దగ్గర కూర్చుని అక్షరం అక్షరం పోల్చి చూస్తే తప్ప ఆమె ఎవరి బిడ్డో కూడా తేలలేదు. ఆమె ఎప్పుడు చనిపోయిందో చెప్పిందీ ఒక రాయే. నకిరేకల్ దగ్గర చందుపట్లలో పువ్వుల ముమ్మడి అనే బంటు, చనిపోయిన రాణికి, తన సేనాని మల్లికార్జున నాయకుడికి పుణ్యం కలగాలని భూమి దానమిచ్చి శాసనం వేయించాడు. దాని తేదీ 1289 నవంబర్ 27. ఆ రాయి బయటపడకముందు ఆమె ఇంకో ఆరేళ్లు బతికిందనే పుస్తకాల్లో రాసేవారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది బయ్యారం. అప్పుడది ఖమ్మం జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్. గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ అక్కడ చెరువు తవ్వించి శాసనం వేయించింది. కాకతీయుల మూలపురుషులు ఎవరు, ఎవరి కొడుకు ఎవరు అన్న వరుస మనకు చాలావరకు ఆ శాసనంలోనే దొరికింది. అన్నదమ్ములు, తాతలు అందరి పేర్లూ ఒక ఆడపడుచు చెరువు గట్టు మీద చెక్కించి పెట్టింది. మనకు బడిలో చెప్పిన వంశవృక్షంలో ఆమె పేరు మాత్రం లేదు. చెరువు కట్ట మీద నిలబడి మేడం ఆ సంగతి చెప్తుంటే గాలికి ఆమె కొంగు ఎగురుతోంది, కింద తూములోంచి నీళ్లు పారుతున్నాయి, ఆ నీళ్లతో ఇంకా పంట పండుతోంది. హన్మకొండ పద్మాక్షి గుట్ట మీద కూడా ఒక మైలమ ఉంది, ఆమె వేరు. రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య, 1117లో అక్కడ బసది, అంటే జైనుల గుడి, కట్టించింది. ఇద్దరినీ కలిపేసి రాసినవాళ్లను చూసి మేడానికి చాలా బాధగా ఉండేది. ఇంటిముందే ఉన్న గుట్ట కదా, ఒక్కసారి ఎక్కి చూడొద్దా అనేవారు. గూడూరు శాసనంలో కామసాని సంగతి కూడా ఆమే చెప్పారు. విరియాల ఎర్రన భార్య. కాకతి బేతరాజును మళ్లీ రాజ్యంలో నిలబెట్టింది ఆమె అని తెలుగు పద్యాల్లో చెక్కి ఉంది.

హన్మకొండ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904లో పెట్టిన గ్రంథాలయం. అక్కడి బల్ల మీద భండారు అచ్చమాంబ గురించి మొదటిసారి చదివాను. 1874లో పుట్టింది. బడికి పోలేదు, చిన్నప్పుడే పెళ్లయింది, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తనూ నేర్చుకుంది. 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది, మన దేశపు స్త్రీల జీవితాలన్నీ ఒక్కచోట పెట్టాలని. ఎక్కడెక్కడి పుస్తకాలు తెప్పించుకుందో, ఎన్ని భాషలు నేర్చుకుందో. 30 ఏళ్లకే పోయింది. ఇతరులు మరిచిపోకుండా ఆడవాళ్ల పేర్లన్నీ పోగుచేసిన ఆమెనే లోకం మరిచింది. 1902లో ఆమె రాసిన 'ధనత్రయోదశి' ఉండగానే, మొదటి తెలుగు కథ 1910 నాటి 'దిద్దుబాటు' అని మేమంతా పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ తర్వాత ఊటుకూరి లక్ష్మీకాంతమ్మ గారు 'ఆంధ్ర కవయిత్రులు' రాశారు. మా వరంగల్‌లోనే కాకతీయ యూనివర్సిటీలో కాత్యాయనీ విద్మహే గారు ఏళ్లకేళ్లు పాత పత్రికలు తిరగేసి రచయిత్రులను వెలికితీశారు, 2013లో ఆమెకు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన రోజు మేడం నాకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడారు. తనకే వచ్చినంత సంబరం.

ఇట్లా తిరుగుతున్న రోజుల్లోనే ఒకసారి ఇంటికి పోయినప్పుడు మా నాయనమ్మను అడిగాను, నీ పేరేంది అని. ఇరవై ఏళ్లు ఆమె చేతి ముద్ద తిన్నదాన్ని. మా ఊళ్లో అందరికీ నర్సంపేటామె. ఆమె పొయ్యి ముందు కూర్చుని, చాలాసేపు నా మొహంలోకి చూసి, "ఇప్పుడెందుకు బిడ్డా, ఎవరన్న కాయితం మీద ఏలుముద్ర ఏయమన్నరా" అని అడిగింది. పేరు అడిగారంటే ఏదో భూమి కాగితమో, ఆసుపత్రి చీటీనో అయి ఉంటుందని ఆమెకు టెన్షన్. నేను కాదన్నాక చెప్పింది. చెప్పి, మళ్లీ తనకు తానే ఇంకోసారి మెల్లగా అనుకుంది. ఆ గొంతు నా దగ్గర లేదు. టేప్ రికార్డర్ మేడం దగ్గర ఉండిపోయింది, మళ్లీసారి వచ్చినప్పుడు తెస్తానన్నాను, ఆ సంక్రాంతికే ఆమె పోయింది.

ఇప్పుడు ఫోన్లోనే రికార్డు చేయొచ్చు, సెల్లులు అక్కర్లేదు. ఊళ్లలో కుర్రవాళ్లు పొలంగట్ల మీది శాసనాలు ఫొటోలు తీసి చదివేవాళ్లకు పంపుతున్నారు, చాలా మంచి పని. రుద్రమ గురించి వచ్చే ఫార్వర్డ్‌లు చూస్తే మాత్రం భయమేస్తుంది. ఆమె చేయని యుద్ధాలు, ఆమె అనని మాటలు, ఎవరిదో సినిమా బొమ్మ. ఆమె చేసింది చాలదా? అబద్ధం ఒకటి కలిస్తే రేపు ఎవరో వచ్చి అది పట్టుకుని నిజమైనదాన్ని కూడా కొట్టిపారేస్తారు. దయచేసి పంపేముందు ఏ ఊరి శాసనం, ఎవరు చదివారు అని ఒక్కసారి అడగండి.

క్యాసెట్ల సంగతికొస్తాను. హన్మకొండ చౌరస్తాలో పాత క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే ఒకతను ఉన్నాడంటే తీసుకుపోయాను. పదకొండులో రెండు బూజు పట్టి పోయాయి. ఒకటి మధ్యలో తెగితే అతను అతికించాడు. కొడకండ్లామెది బాగానే ఉంది. ఆ రాత్రి విన్నాను. మొదట చాలాసేపు పల్లికాయ పొట్టు పగిలే చప్పుడు, దూరంగా ఏదో ఇంటి రేడియో. మేడం గొంతు, ఎంత చిన్నవయసు గొంతు అది, "కొడకండ్లామె అంటరు సరే, మీ అవ్వ ఏమని పిలిచేది నిన్ను?" చప్పుడు ఆగిపోతుంది. ఎంతసేపు ఆగిందో నేను గడియారం చూశాను, పదకొండు సెకన్లు. తర్వాత పేరు చెప్పింది. అత్తగారి పేరూ అదేనట, ఒకింట్లో ఇద్దరికి ఒకే పేరు ఉండొద్దని పెళ్లినాడే మార్చేశారట, రేషన్ కార్డులో ఉన్నది అత్తింటి వాళ్లు పెట్టింది. ఆ తర్వాత నవ్వు. నేను మిరపతోటలో కోపంగా తిరుగుతున్నప్పుడు వచ్చిన నవ్వు, ఇన్నేళ్లకు విన్నాను.

ఆ ఊరి రేషన్ డీలర్‌ను పట్టుకుని, ఆయన నుంచి ఇంకొకరిని పట్టుకుని, ఆమె మనవరాలి నంబర్ సంపాదించాను. పెద్దకొడుకు బిడ్డ, కరీంనగర్‌లో టీచరట. ఎవరో, ఎందుకో వివరంగా రాసి ఆడియో పంపాను. రెండు రోజులు జవాబు లేదు. తప్పు చేశానేమో అని చాలా బాధపడ్డాను. మూడో రోజు రాత్రి ఫోన్ వచ్చింది. మా బాపుకు వినిపిద్దామని ఊరికి పోయొచ్చిన మేడం, అంది. బాపు ముసలాయన అయిండు, చెవులు సరిగ్గ వినపడవు, ఫోన్ చెవికి ఆనించుకుని మూడుసార్లు విన్నడు, అన్నం తినలే అంది. ఆమె కాసేపు ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ పేరు మా ఇంట్ల ఎవ్వరికీ తెల్వదు మేడం, అంది.

గోడ మీద ఆమె ఫొటో ఉందట, దండ వేసి. కింద రేషన్ కార్డులోని పేరు, చనిపోయిన తేదీ. ఫ్రేమ్ కట్టే దుకాణంలో ఇచ్చి ఆ కింది చీటీ మార్పిస్తానంది. పోయిన ఆదివారం వాట్సాప్‌లో ఫొటో పంపింది. తెల్ల జుట్టు, ముక్కుకు రెండు వైపులా పుడకలు, మేం పోయినప్పటి కంటే ఇంకా బాగా ముసలైనప్పటి మొహం. కింద కొత్త చీటీ మీద రెండు పేర్లూ ఉన్నాయి, వాళ్లవ్వ పెట్టింది ముందు రాయించింది.